యాప్‌లో హాజరు, ఊళ్లో పని: తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ



ఉద్యోగి హాజరు, జీతం, సెలవు, బదిలీ, పనితీరు మదింపు కాగితాల నుంచి ఫోన్లలోకి, సర్వర్లలోకి మారడాన్ని డిజిటల్ మానవ వనరుల నిర్వహణ అంటున్నారు. ఈ మాట వినగానే హైదరాబాద్ ఐటీ కంపెనీలు గుర్తుకొస్తాయి. కానీ రకరకాల పనివాళ్ల మీద, రకరకాల రూపాల్లో ఇది అమలవుతున్నది పల్లె జిల్లాల్లోనే. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో అందరికంటే పెద్ద యజమాని ప్రభుత్వం. బొగ్గు గని కార్మికుడి మస్టర్, ఉపాధి హామీ కూలీ ఫొటో, పంచాయతీ కార్యదర్శి సెల్ఫీ, బడి పంతులు ముఖ గుర్తింపు, అంగన్‌వాడీ టీచర్ ఫోన్‌లో నింపే వివరాలు, మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ ఆధార్ హాజరు అన్నీ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిలో కొన్ని ఉత్పాదకతను పెంచాయి, కొన్ని పనిలోని సమయాన్ని తినేశాయి. ఏది ఎందుకు పెంచిందో, ఏది ఎందుకు తినేసిందో తేల్చుకోకుండానే కొత్త యాప్‌లు వస్తున్నాయి.

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ప్రధానంగా ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడ్డాక భూపాలపల్లి ఇప్పటి రూపానికి వచ్చింది. జనగామ హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద, రైలు మార్గం మీద ఉన్న ఊరు. టవర్లకు కొదవ లేదు. మహబూబాబాద్ (మానుకోట) జిల్లాలో తండాలు ఎక్కువ. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అవి సొంత పంచాయతీలయ్యాయి. కొత్తగూడ, గంగారం మండలాలు అడవిలో ఉన్నాయి. భూపాలపల్లిలో మహదేవపూర్, పలిమెల వైపు వెళ్తే ఒకపక్క గోదావరి, మరోపక్క అడవి. ఒకే యాప్, ఒకే గడువు, ఒకే నిబంధన ఈ మూడు చోట్లా వర్తిస్తున్నాయి. జనగామ జిల్లా రఘునాథపల్లిలో ఒక్క క్షణంలో ఎక్కే ఫొటో పలిమెలలో ఎప్పుడు ఎక్కుతుందో తీసినవాళ్లకే తెలియదు.

ఉత్పాదకత అనే మాటకు సింగరేణి బొగ్గు గనుల కంపెనీలో స్పష్టమైన కొలత ఉంది: ఒక మనిషి ఒక షిఫ్టులో తీసిన బొగ్గు. భూపాలపల్లిలో కాకతీయ ఖని పేరుతో భూగర్భ గనులు, ఓపెన్‌కాస్టులు రెండూ ఉన్నాయి గనుక ఆ కొలత అక్కడి కార్మిక కుటుంబాలకు పరిచయమే. 1990-91 నాటికి సింగరేణి కార్మికులు లక్షకు పైగా, ఏడాది ఉత్పత్తి 2 కోట్ల టన్నుల లోపు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది, కార్మికులు 40 వేల చుట్టుపక్కలకు తగ్గారు. ఈ అంకెలు పక్కపక్కన పెడితే తలసరి ఉత్పాదకత ఎన్నో రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. పెరుగుదల నిజమే. కానీ దాని వెనక ఉన్నవి ఓపెన్‌కాస్టులు, భారీ షవెల్స్, డంపర్లు. మట్టి తొలగించే పనిలో ఉన్న వేలాది కాంట్రాక్టు కార్మికులు కంపెనీ రోల్స్‌లో లేరు. వాళ్ల శ్రమ లవంలో కలుస్తుంది, వాళ్ల సంఖ్య మాత్రం హారంలోకి రాదు. ఏ శాఖ ఉత్పాదకత అంకెనైనా చూసేటప్పుడు హారంలో ఎవరిని లెక్కపెట్టారో ముందు అడగాలి. ఔట్‌సోర్సింగ్ మీద నడిచే ఆస్పత్రులకు, పంచాయతీలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.

సింగరేణిలో హాజరును మస్టర్ అంటారు. ఆ మాటకు బొగ్గు బావుల దగ్గర ఉన్న బరువు మరే కార్యాలయంలోనూ లేదు. భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండితేనే వార్షిక సెలవు అన్న నియమం 1952 గనుల చట్టంతో వచ్చి తరాల కార్మికులకు కంఠస్థమైంది. ఏడాదికి 100 మస్టర్లు నిండనివాళ్లను, కుటుంబ సభ్యులతో సహా పిలిచి కౌన్సెలింగ్ చేస్తారు. అప్పటికీ మారకపోతే ఉద్యోగం పోయేదాకా వెళ్తుంది. అయితే గనిలో హాజరు క్రమశిక్షణకు మాత్రమే సంబంధించింది కాదు. ఏ క్షణంలోనైనా భూమి లోపల ఎవరెవరున్నారో పైన తెలిసి ఉండాలని చట్టం కోరింది. పైకప్పు కూలినా, నీరు చొచ్చినా, రెస్క్యూ బృందం ఎంతమంది కోసం వెతకాలో ఆ లెక్కే చెబుతుంది. ఇక్కడ హాజరు నమోదు కార్మికుడి ప్రాణాన్ని కాపాడే పని చేస్తోంది. అందుకే ల్యాంప్ రూమ్ దగ్గర పేరు రాయించుకోవడం అవమానమని ఏ కార్మికుడూ అనుకోడు.

జీతం, సెలవులు, మస్టర్ల లెక్క శాప్ సాఫ్ట్‌వేర్‌లోకి చేరడం వల్ల సింగరేణిలో జరిగిన మేలు చిన్నది కాదు. తప్పుపడిన మస్టర్‌ను సరిచేయించుకోవడానికి గని ఆఫీసు చుట్టూ తిరిగే షిఫ్టులు తగ్గాయి. కానీ భూగర్భ గనిలో ఉత్పాదకతను నిర్ణయించేది పని స్థలంలో గడిచే సమయం. గని ముఖద్వారం నుంచి బొగ్గు తీసే చోటికి కిలోమీటర్ల కొద్దీ నడవాల్సి వస్తే షిఫ్టులో మంచి భాగం నడకకే పోతుంది. కార్మికులను పని చోటికి చేరవేసే మ్యాన్ రైడింగ్ ఏర్పాటు చేసిన గనుల్లో ఆ సమయం మిగిలి, పనిలో కలుస్తుంది. హాజరు యంత్రం ఎంత కచ్చితమైనదైనా ఆ నడకను ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. రాష్ట్ర సచివాలయం ఇతర శాఖల ఉత్పాదకత గురించి ఆలోచించేటప్పుడు ముందు వెతకాల్సింది ఇలాంటి నడకనే: ఉద్యోగి పనికి, అతని సమయానికి మధ్య అడ్డుగా ఉన్నదేమిటో.

ఉపాధి హామీ పనుల్లో ఆ అడ్డు యాప్ రూపంలోనే వచ్చింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2021 మే 21న ఎన్ఎంఎంఎస్ అనే మొబైల్ హాజరు యాప్‌ను ప్రారంభించింది. 2022 మేలో 20 మంది, అంతకు మించి కూలీలున్న చోట, 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని సామూహిక పనుల దగ్గర దాన్ని తప్పనిసరి చేసింది. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మరోసారి కూలీలను నిలబెట్టి, స్థలం వివరాలు నమోదయ్యేలా ఫొటో తీయాలి. సిగ్నల్ లేనిచోట ఫొటో తీసి తర్వాత ఎక్కించే వెసులుబాటు ఉంది. అయితే ముందుగా మస్టర్ ఫోన్‌లోకి దిగి ఉండాలి, ఆ తర్వాత మేట్ గానీ ఫీల్డ్ అసిస్టెంట్ గానీ సిగ్నల్ ఉన్న గుట్ట దాకా, రోడ్డు దాకా వెళ్లి ఎక్కించాలి. ఎక్కకపోతే చెమటోడ్చిన రోజు లెక్కలో ఉండదు.

అసలు చిక్కు సిగ్నల్ కంటే లోతైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి ఇక్కడ ఉపాధి హామీ కూలి పని కొలతను బట్టి వస్తుంది. తవ్విన మట్టిని కొలిచి, నేల గట్టిదనాన్ని బట్టి ధర కట్టి, గుంపు సభ్యులకు పంచుతారు. 2025-26లో తెలంగాణకు ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. పని తక్కువ కొలిస్తే అంతకంటే తక్కువే చేతికొస్తుంది. కొలత ప్రకారం కూలి ఇచ్చే పనిలో మనిషి ఎంతసేపు నిలబడ్డాడన్నది కూలికి సంబంధం లేని విషయం. బచ్చన్నపేట వైపు చెరువు పూడికతీతకు ఎండాకాలంలో తెల్లవారకముందే వెళ్లి, ఎండ ముదిరేలోపు కొలత పూర్తిచేసి ఇంటికొచ్చే కూలీకి రెండో ఫొటో ఒక శిక్ష. పని అయిపోయింది, కానీ నిలబడాలి. లేదా ఇంటికెళ్లి మళ్లీ రావాలి. ఉత్పాదకత ఎక్కువగా ఉన్న కూలీనే ఈ నియమం ఎక్కువసేపు ఆపుతోంది. పని కొలతను చూసే ఇంజినీరింగ్ సిబ్బంది సకాలంలో వచ్చి కొలిస్తే జరిగే మేలు, రోజుకు ఎన్ని ఫొటోలు తీసినా జరగదు.

ఫొటోలు అక్రమాన్ని ఆపాయా అంటే, దానికి జవాబు కేంద్రమే ఇచ్చింది. 2025 జులై 8న గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖలో యాప్ దుర్వినియోగమవుతున్న తీరులను వరుసగా చెప్పింది: పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెట్టడం, మస్టర్‌లోని సంఖ్యకూ చిత్రంలోని మనుషులకూ పొంతన లేకపోవడం, ఆడ-మగ లెక్క తప్పడం, ఒకే మనుషులు అనేక మస్టర్లలో కనిపించడం, మధ్యాహ్నం ఫొటో లేకపోవడం. దానికి సూచించిన మందు, పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ మనిషి చూసి ధ్రువీకరించడం, పై స్థాయిల్లో కొంత శాతాన్ని మళ్లీ చూడడం. మనిషి తనిఖీ అవసరం తగ్గించడానికి తెచ్చిన యాప్‌కు ఇప్పుడు మనిషి తనిఖీ కావాల్సి వచ్చింది. ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? పంచాయతీ కార్యదర్శి రోజులో నుంచే వస్తాయి.

ఈ పని బరువు ఎలా చేతులు మారుతుందో తెలంగాణకు అనుభవం ఉంది. 2020 మార్చిలో ఫీల్డ్ అసిస్టెంట్లు సమ్మెకు దిగడంతో ప్రభుత్వం దాదాపు 7,600 మందిని తొలగించి, ఆ బాధ్యతను పంచాయతీ కార్యదర్శులకు అప్పగించింది. 2022లో వాళ్లను తిరిగి తీసుకునే దాకా కార్యదర్శులే మస్టర్లు చూశారు. 2019లో ఉద్యోగాల్లో చేరిన జూనియర్ పంచాయతీ కార్యదర్శులకు అది తొలి ఉద్యోగం, తొలి పాఠం. ఇంటి పన్ను, జనన మరణాల నమోదు, నర్సరీ, డంపింగ్ యార్డు, ట్రాక్టర్, వీధి దీపాలు చూసుకుంటూనే కూలీల హాజరు కూడా చూశారు. తమను క్రమబద్ధీకరించాలని 2023 ఏప్రిల్ చివర మొదలైన వాళ్ల సమ్మెకు పనిభారం కూడా ఒక నేపథ్యం.

కార్యదర్శి తన హాజరును రోజువారీ పారిశుధ్య నివేదిక యాప్ ద్వారా, ముఖ గుర్తింపుతో వేసుకోవాలి. ఊరు శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి పుట్టిన యాప్ ఉద్యోగి ఊళ్లో ఉన్నాడో లేడో చెప్పే యాప్ కూడా అయింది. 2025లో కొన్ని జిల్లాల్లో ఖాళీ కుర్చీల ఫొటోలు, ఇతరుల ఫొటోలు పెట్టి హాజరు వేసుకున్న ఉదంతాలు పత్రికలకెక్కాయి. అలా చేసినవాళ్లది తప్పే, దాన్ని సమర్థించాల్సిన పనిలేదు. కానీ ఖాళీ కుర్చీని మనిషిగా ఒప్పుకున్న వ్యవస్థ, అదే సమయంలో మురుగు కాలువలు నిజంగా శుభ్రం చేయించిన కార్యదర్శికి ప్రత్యేకమైన గుర్తింపు ఏదీ ఇవ్వలేదు. ఊళ్లో రోజంతా తిరిగి నెట్‌వర్క్ దొరక్క ఫొటో ఎక్కించలేనివాడు గైర్హాజరు. ఉదయాన్నే ఫొటో ఎక్కించి బస్సెక్కినవాడు హాజరు. కొలిచేదే మనుషులు చేస్తారు. ఉనికిని కొలిస్తే ఉనికి దొరుకుతుంది, ఊరి శుభ్రత దొరుకుతుందన్న హామీ లేదు.

అంగన్‌వాడీలలో సమస్య రెట్టింపు నమోదు. కేంద్రం 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ తెచ్చింది. రాష్ట్రానికి సొంత ఆరోగ్య, పోషణ యాప్ ఉంది. 2025 జులై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు లబ్ధిదారు ముఖ ధ్రువీకరణ కూడా చేరింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే రోజూ ఒక పూట భోజనం పెడుతున్నారు. కాబట్టి ఇక్కడి టీచర్‌కు వంట, వడ్డన, బరువు తూచడం, పిల్లలకు ఆటపాటలు, ఇలా పని ఎక్కువే. తూకం వేసిన బిడ్డ బరువు ఒకసారి రాస్తే అది అన్నిచోట్లకూ చేరాలి. అదే అంకెను రెండు చోట్ల నింపే నిమిషాలు బిడ్డ దగ్గర గడపని నిమిషాలు. బరువు తగ్గిన బిడ్డ తల్లితో మాట్లాడడానికి ఏ యాప్‌లోనూ గడి లేదు, కానీ ఆ ఉద్యోగంలో అసలు పని అదే.

బడుల్లో 2025 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ ఉపాధ్యాయుల హాజరు ముఖ గుర్తింపు విధానంలోకి మారింది. సెలవు దరఖాస్తు కూడా ఫోన్‌లోనే పెట్టే అవకాశం రావడం ఉపయోగకరం. దూరాన ఉన్న మండల విద్యాధికారి ఆఫీసుకు తిరిగే పని ఆ మేరకు తప్పుతుంది. ఒక్క పంతులుతో నడిచే తండా బడిలో మాత్రం ఫోన్ ముఖాన్ని గుర్తించే దాకా తరగతి ఆగుతుంది. అక్కడ చదువు దెబ్బతినడానికి పంతులు రాకపోవడం కంటే ఒక్కడే ఉండడం పెద్ద కారణమైతే, హాజరు యంత్రం ఆ రోగానికి మందు కాదు. రెండో పంతులు మందు.

హాజరుపై నిఘా వృథా అని దీనర్థం కాదు. పరిశోధనలు రెండు వైపులా చెబుతున్నాయి, రెండింటినీ వినాలి. రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో సేవామందిర్ సంస్థ నడిపిన ఏకోపాధ్యాయ కేంద్రాల్లో తేదీ, సమయం పడే కెమెరాలు ఇచ్చి, హాజరైన రోజులను బట్టి జీతం కట్టారు. ఉపాధ్యాయుల గైర్హాజరు 42 శాతం నుంచి 21 శాతానికి పడిపోయింది, పిల్లల చదువు కూడా మెరుగుపడింది. ఎస్తేర్ డుఫ్లో, రెమా హన్నా, స్టీఫెన్ ర్యాన్ 2012లో ప్రచురించిన ఫలితం ఇది. అదే జిల్లాలో ప్రభుత్వ నర్సుల విషయంలో సమయం ముద్రించే యంత్రాలతో చేసిన ప్రయత్నం మొదట్లో ఫలించి, 16 నెలలు తిరిగేసరికి ఆవిరైంది. పై అధికారులు మినహాయింపు రోజులు ఇచ్చుకుంటూ పోయారు, యంత్రం చెప్పింది ఎవరికీ పట్టలేదు. కర్ణాటకలో 5 జిల్లాల్లోని 322 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతో జరిగిన బయోమెట్రిక్ అధ్యయనంలో నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టుల హాజరు పెరిగింది. తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. డాక్టర్ల హాజరులో మాత్రం మార్పు రాలేదు. అధికారం తక్కువ ఉన్నవాళ్లను కట్టేసిన యంత్రం, అధికారం ఉన్నవాళ్ల దగ్గర ఊరుకుంది.

ఈ చివరి ఫలితం మూడు జిల్లాలకూ దగ్గరిది. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. జాతీయ వైద్య కమిషన్ బోధన సిబ్బందికి ఆధార్ హాజరును తప్పనిసరి చేసి, 2025 మే 1 నుంచి దాన్ని ముఖ గుర్తింపులోకి మార్చింది. బోధన సిబ్బంది ఉన్నారా లేరా అన్నది ఆ లెక్కతోనే చూస్తోంది. కాగితం మీద మాత్రమే ఉండే ప్రొఫెసర్లను పట్టుకోవడానికి ఇది పనికొచ్చే సాధనమే. కానీ కొత్త జిల్లా కేంద్రానికి స్పెషలిస్టు రావడానికి, వచ్చి నిలవడానికి కావాల్సినవి క్వార్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ సిబ్బంది, పిల్లల చదువుకు మంచి బడి. అవి లేని చోట హాజరు శాతం సరిపోయినా ఆపరేషన్ కోసం రోగి వరంగల్ ఎంజీఎంకు వెళ్లాల్సిందే.

డిజిటల్ పద్ధతి పనివాళ్లకు మేలు చేసిన అతిపెద్ద ఉదాహరణ తెలుగు నేలమీదే ఉంది, అది నిఘాకు సంబంధించింది కాదు, చెల్లింపుకు సంబంధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి కూలీ డబ్బులు, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్ కార్డుల ద్వారా ఊళ్లోనే ఇప్పించింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ 8 జిల్లాల్లోని 157 మండలాల్లో 2010-12 మధ్య దాని ఫలితాన్ని కొలిచారు. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న గార్ల, బయ్యారం మండలాలు అప్పట్లో భాగమైన ఖమ్మం జిల్లా కూడా ఆ 8 జిల్లాల్లో ఒకటి. కూలి డబ్బు అందడంలో ఆలస్యం 29 శాతం తగ్గింది. ఉపాధి పని ద్వారా కుటుంబాల సంపాదన 24 శాతం పెరిగింది. మధ్యలో కారిపోయే డబ్బు 41 శాతం తగ్గింది. ఈ ఫలితం వెనక ఒక పెద్ద కారణం ఉంది. కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు డబ్బు ఆపలేదు. రెండేళ్లు గడిచినా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులు పాత పద్ధతిలోనే సాగాయి. కొత్త దారి తెరిచారు, పాత దారి మూయలేదు. గడ్డపారతో అరిగిపోయిన వేళ్లున్న ముసలి కూలీ ఆ వెసులుబాటు వల్లే నష్టపోలేదు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపును తప్పనిసరి చేసినప్పుడు పోయింది ఆ వెసులుబాటే.

తెలంగాణ సొంత అనుభవం ఇంకొకటి ఉంది, సచివాలయంలో దానికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. 2018 మేలో రైతుబంధు మొదటి విడత చెక్కులు పంచేటప్పుడు కొన్ని మండలాల్లోని వ్యవసాయాధికారులకు ముందే ఒక మాట చెప్పారు: మీ మండలం రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా లేదా అడుగుతాం, ఆ జవాబులతో మీ పనితీరు చూస్తాం. అధికారి ఎక్కడున్నాడో ఎవరూ ఫొటో తీయలేదు, అతని ముఖం ఏ యంత్రమూ చూడలేదు. 57 లక్షల మంది రైతులకు చేరాల్సిన ఆ పథకంలో, ఫోన్ పరిశీలన ఉన్న మండలాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి 100 రూపాయలకు అయిన ఖర్చు 4 రూపాయల లోపే. ఉద్యోగికి కొత్త పని ఒక్కటి కూడా పెరగలేదు, ఫలితం మాత్రం పెరిగింది. ఉద్యోగి సమయాన్ని ముట్టుకోకుండా, పౌరుడికి అందిన సేవను కొలిచినందుకే ఇది సాధ్యమైంది. మెచ్చుకోదగ్గ ఈ పద్ధతి ఒక ప్రయోగంగా మిగిలిపోవడం బాధాకరం.

ముఖ చిత్రాల భద్రత సంగతి వేరే చర్చ అనుకోవడం పొరపాటు. నమ్మకం కూడా ఉత్పాదకతలో భాగమే. 2023 వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసం యజమాని సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు కల్పించింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమ్మతి అవసరం లేనప్పుడు యజమాని బాధ్యత మరింత పెరగాలి. బ్రిటన్‌లో 2024 ఫిబ్రవరిలో సమాచార కమిషనర్ కార్యాలయం సెర్కో లీజర్ అనే కంపెనీని 38 కేంద్రాల్లోని 2,000 మందికి పైగా ఉద్యోగుల ముఖ గుర్తింపు, వేలిముద్ర హాజరును ఆపేయమని ఆదేశించింది. కార్డు లాంటి తేలిక మార్గం ఉండగా ముఖం అడగడం అవసరానికి మించిన పని అని తేల్చింది. ఆ ప్రశ్న ఇక్కడ కూడా ప్రతి యాప్ విషయంలో అడగదగ్గదే. పంచాయతీ కార్యదర్శి ముఖ చిత్రం ఎక్కడ దాస్తారు, ఎంతకాలం ఉంచుతారు, బదిలీ అయ్యాక, ఉద్యోగం మానేశాక ఏమవుతుంది అన్నవాటికి ఊళ్లో పనిచేసే ఉద్యోగికి తెలుగులో రాసిన జవాబు ఉండాలి.

ఇంతవరకూ చెప్పిన అనుభవాల నుంచి ప్రభుత్వం చేయదగ్గవి కొన్ని బయటపడతాయి. ఏ శాఖ కొత్త యాప్ ప్రతిపాదించినా, అది ఉద్యోగి రోజులో ఎన్ని నిమిషాలు తీసుకుంటుందో ఊళ్లో వాడి చూసి కొలిచి, ఆ అంకెను ప్రతిపాదనలోనే రాయాలి. దానివల్ల ఏ రిజిస్టర్, ఏ నివేదిక రద్దవుతుందో అదే ఉత్తర్వులో ఉండాలి. రద్దయ్యేది ఏదీ లేకపోతే ఆ యాప్ అదనపు పని తప్ప మరేమీ కాదు. ఒకే వివరాన్ని రెండు యాప్‌లలో నింపించే పరిస్థితి అంగన్‌వాడీలతో మొదలుపెట్టి తొలగించాలి. రాష్ట్ర యాప్ నుంచి కేంద్ర యాప్‌కు సమాచారం చేర్చే బాధ్యత సర్వర్లది, టీచర్‌ది కాదు.

గైర్హాజరు అని యంత్రం రాసినదాన్ని ఉద్యోగి అదే రోజు ఫోన్‌లో చూసి, అభ్యంతరం చెప్పే వీలుండాలి. దాన్ని మండల స్థాయి అధికారి గడువులోగా తేల్చాలి, తేలేదాకా జీతం కోయకూడదు. ఉపాధి పనుల్లో సాంకేతిక కారణాలతో ఎక్కని హాజరును చేత్తో నమోదు చేయించే అధికారం జిల్లా కలెక్టర్‌కు ఇచ్చారు. పలిమెల కూలీకి భూపాలపల్లి కలెక్టరేట్ చాలా దూరం. ఆ అధికారం ఎంపీడీఓ దాకా దిగివచ్చేలా కేంద్రంతో మాట్లాడాలి. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం పనిదినాలను 125కు పెంచింది, డిజిటల్ హాజరు మీద మరింత ఆధారపడింది. రాష్ట్రం తన సొంత పథకాన్ని రూపొందించుకోవాల్సిన ఈ దశలో, కొలత ప్రకారం కూలి ఇచ్చే చోట రెండో ఫొటో అవసరమా అన్న ప్రశ్నను గట్టిగా లేవనెత్తాలి.

మార్పులను ముందుగా ఈ మూడు జిల్లాల్లోనే పరీక్షించడానికి మంచి కారణముంది. గని, అడవి, తండా, రహదారి పక్క ఊరు అన్నీ ఇక్కడే దొరుకుతాయి. ఒక వ్యవసాయ కాలం పాటు కొన్ని మండలాల్లో కార్యదర్శుల ముఖ హాజరును నిలిపి, దాని బదులు ఊరివాళ్లకు ఫోన్ చేసి కాలువ తీశారా, నీళ్లు వచ్చాయా, జనన పత్రం ఎన్ని రోజుల్లో ఇచ్చారు అని అడగాలి. మిగతా మండలాల్లో ఇప్పటి పద్ధతే ఉంచాలి. ఏ మండలాలు ఎటు అన్నది చీటీ వేసి తేల్చాలి, లేకపోతే రెండింటినీ పోల్చడం కుదరదు. కొత్తగూడ, గంగారం, పలిమెల వంటి సిగ్నల్ అందని మండలాలు రెండు వైపులా ఉండాలి. కాలం ముగిశాక రెండు వైపుల ఫలితాలను, కార్యదర్శులు యాప్‌ల మీద గడిపిన గంటలతో సహా, మండలాలవారీగా ప్రజల ముందు పెట్టాలి.